జారిన భుజం కథ: కాల్చిన ఇనుప చువ్వ నుంచి కీహోల్ సర్జరీ దాకా

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులూ లేరు, కోటలూ లేవు. మన ఒంట్లోనే ఉన్న ఒక కీలు చరిత్ర చెప్పుకుందాం. భుజం కీలు.

కబడ్డీలో కిందపడో, క్రికెట్‌లో డైవ్ కొట్టో, బండి స్కిడ్ అయ్యో భుజం జారినవాళ్ళు మీ ఫ్రెండ్స్‌లో ఒక్కరైనా ఉండే ఉంటారు. మొదటిసారి హాస్పిటల్‌లో సరిచేసి పంపిస్తారు. కొన్నాళ్ళకి మళ్ళీ జారుతుంది. మూడోసారి దెబ్బ కూడా అక్కర్లేదు, టీషర్ట్ వేసుకుంటుంటేనే జారుతుంది. ఇంకో మనిషికి నిద్రలో పక్కకి తిరిగితే జారుతుంది. అప్పుడు డాక్టర్ "సర్జరీ గురించి ఆలోచించండి" అంటారు. ఇంట్లోవాళ్ళు "కత్తి పెడితే చెయ్యి పనికి రాకుండా పోతుందేమో" అంటారు. ఇద్దరి మాటల వెనకా చరిత్ర ఉంది. ఇంట్లోవాళ్ళ భయం కూడా ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు నిజంగానే అలా జరిగింది. అదెప్పుడు, ఎందుకు జరిగిందో, ఇప్పుడేం మారిందో చూద్దాం.

సాసర్ మీద నిమ్మకాయ

ముందు కీలు సంగతి. మీ చెయ్యి ఒకసారి పైకెత్తండి. వీపు వెనక్కి పెట్టండి. గుండ్రంగా తిప్పండి. ఒంట్లో ఇంకే కీలూ ఇంత తిరగదు. తుంటి కీలు కూడా బంతీ గిన్నే లాంటిదే, కానీ అక్కడ గిన్నె లోతుగా ఉంటుంది, బంతి బాగా లోపలికి కూర్చుంటుంది. భుజంలో గిన్నె లేదు, సాసర్ ఉంది. ఆ సాసర్ మీద నిమ్మకాయ పెట్టినట్టు చేతి ఎముక తల ఆనుకుని ఉంటుంది. ఏ క్షణంలో చూసినా ఆ బంతిలో చిన్న భాగమే సాకెట్‌ని తాకుతుంది.

మరి ఎందుకు పడిపోదు? మూడు కాపలాలు ఉన్నాయి. ఒకటి, సాకెట్ అంచు చుట్టూ మెత్తని గట్టులా ఉండే లాబ్రమ్. కుక్కర్ మూతకి గాస్కెట్ ఉంటుంది చూడండి, దాదాపు అలాంటిది. రెండు, కీలు చుట్టూ సంచిలా ఉండే పొర, దాంట్లోని లిగమెంట్లు. మూడు, బంతిని నాలుగు వైపుల నుంచి సాకెట్‌లోకి లాగి పట్టుకునే కండరాలు.

చెయ్యి పైకెత్తి బయటికి తిప్పి ఉన్నప్పుడు, అంటే బాల్ విసరబోయే పొజిషన్‌లో గట్టిగా దెబ్బ తగిలితే బంతి ముందుకి, కిందికి జారిపోతుంది. జారే భుజాల్లో ఎక్కువ భాగం ఇలా ముందుకి జారేవే. బంతిని వెనక్కి పెట్టొచ్చు. కానీ వెళ్ళేటప్పుడు అది చింపిన గట్టు సంగతేంటి? ఈ ప్రశ్న అడగడానికి మనిషికి చాలా వందల ఏళ్ళు పట్టింది.

ఈజిప్టు గోడ, గ్రీకు మడమ, మన రోకలి

జారిన ఎముకని వెనక్కి పెట్టడం మాత్రం చాలా పాత విద్య. ఈజిప్టులో దేర్ ఎల్ మదీనా అనే చోట ఇపుయ్ అనే శిల్పి సమాధి ఉంది. క్రీస్తుకి పూర్వం 13వ శతాబ్దం నాటిది. దాని గోడ మీది బొమ్మలో కట్టడం పని జరుగుతుంటుంది, ఒక మనిషి కిందపడి ఉన్న ఇంకో మనిషి చెయ్యి పట్టుకుని తిప్పుతుంటాడు. భుజం సరిచేస్తున్న దృశ్యంగా దాన్ని చాలామంది వైద్య చరిత్రకారులు గుర్తించారు. అంటే పనిలో జరిగిన ప్రమాదానికి అక్కడికక్కడే వైద్యం.

తర్వాత గ్రీసు. క్రీస్తుకి పూర్వం 5వ, 4వ శతాబ్దాల నాటి హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాల్లో కీళ్ళ గురించి ఒక పెద్ద పుస్తకం ఉంది. దాంట్లో భుజం ఎక్కించే పద్ధతులు బోలెడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, వైద్యుడు తన మడమ చంకలో ఆనించి చెయ్యి లాగడం ఒకటి. పొడుగాటి మనిషి భుజం మీద రోగి చంక ఆనేలా వేలాడదీయడం ఒకటి. నిచ్చెన మెట్టు మీద వేలాడదీయడం ఇంకొకటి.

ఇప్పుడు మన వైపు వద్దాం. సుశ్రుత సంహితలో ఎముకలు విరగడానికీ, కీళ్ళు తప్పడానికీ విడివిడిగా లెక్కలున్నాయి. విరగడం పన్నెండు రకాలు, కీలు తప్పడం ఆరు రకాలు. భుజం కీలు తప్పితే ఏం చెయ్యాలి? చంక కింద రోకలి పెట్టి పైకెత్తాలి. కీలు చోటికి వచ్చాక స్వస్తిక బంధంతో కట్టాలి. అంటే అడ్డంగా, అడ్డదిడ్డం కాకుండా, ఒకదాన్నొకటి దాటుతూ వెళ్ళే కట్టు. గ్రీకులకి నిచ్చెన మెట్టు, మనకి రోకలి. సూత్రం మాత్రం ఒకటే. చంకలో ఒక ఆధారం పెట్టి, చేతిని లాగి, బంతిని దాని ఇంటికి పంపడం.

ఆ కట్టు విద్య మన దగ్గర ఇంకా బతికే ఉంది. పుత్తూరు కట్టు అంటే రాయలసీమలోనే కాదు, తమిళనాడులోనూ తెలుసు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరుకి ఎముక విరిగినవాళ్ళు తరతరాలుగా వెళ్తూనే ఉన్నారు. ఎముక కదలకుండా పట్టుకుంటే అదే అతుక్కుంటుంది, దాని స్వభావమే అది. కానీ భుజం జారినప్పుడు చిరిగేది ఎముక కాదు, లోపలి గట్టు. చోటు తప్పిన గట్టు ఏ కట్టు కట్టినా తన అసలు చోటికి తిరిగొస్తుందని గ్యారంటీ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చంకలో వాత

హిప్పోక్రటీస్ దగ్గరికి మళ్ళీ వెళ్దాం. మాటిమాటికీ జారే భుజం వేరే జబ్బు అని ఆయన గ్రంథం గుర్తించింది. మంచి సత్తా ఉన్న యువకులు దీనివల్ల కుస్తీ లాంటి ఆటలు మానుకోవాల్సి వచ్చిందనీ, యుద్ధానికి పనికిరాకుండా పోయి ప్రాణాలే పోగొట్టుకున్నారనీ రాసింది. ఇంచుమించు 2,400 ఏళ్ళ క్రితం మాట ఇది. ఇవాళ కబడ్డీ మానేసిన కుర్రాడి బాధే అది, ఊరు ఒకటే వేరు.

మరి వైద్యం? వాత పెట్టడం. చంక దగ్గర చర్మాన్ని వేళ్ళతో పట్టుకుని ఎత్తి, సన్నటి ఇనుప చువ్వని ఎర్రగా కాల్చి దాంట్లోంచి దూర్చేవాళ్ళు. కాలిన చోట పుండు మానుతూ మచ్చ కడుతుంది, మచ్చ బిగుసుకుంటుంది, బంతి జారే దారి ఇరుకైపోతుంది. ఇదీ లాజిక్. లోపల నరాలూ రక్తనాళాలూ ఉంటాయి జాగ్రత్త అని కూడా హెచ్చరించారు. ఇంకో మాట చూడండి: ఆ కాలం వైద్యులు భుజం పైనా, ముందూ, వెనకా ఎక్కడ పడితే అక్కడ కాలుస్తున్నారనీ, బంతి కిందికి జారుతుంటే పైన కాల్చి లాభమేంటనీ తిట్టారు. మందు కంటే ముందు రోగం ఎక్కడుందో చూడమని అర్థం.

ఆ తర్వాత చెయ్యి పక్కకి ఆనించి రాత్రీ పగలూ కట్టి ఉంచమన్నారు. పుండు మానాక కూడా చాన్నాళ్ళు చెయ్యి ఎత్తనివ్వొద్దన్నారు. ఆపరేషన్ తర్వాత స్లింగ్ వేసుకోవడం అనే ఆలోచన ఇక్కడే ఉంది.

నొప్పి? మత్తు లేదు కదా. ఈథర్ మత్తుతో ఆపరేషన్ అందరి ముందూ చేసి చూపించింది 1846లో, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో. పుండు చీము పట్టకుండా యాంటీసెప్టిక్ వాడే పద్ధతిని జోసెఫ్ లిస్టర్ ప్రచురించింది 1867లో. రోంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టింది 1895లో. ఈ మూడూ వచ్చేదాకా భుజం కీలు తెరిచి లోపల చూడటం అంటే రోగి ప్రాణంతో పందెం కాయడమే.

"అసలు గాయం" ఎక్కడ?

మూడూ వచ్చేశాయి. సర్జన్లకి ధైర్యం వచ్చింది. ఇక మొదలుపెట్టారు. ఒకరు కీలు సంచిని మడిచి కుట్టారు. ఒకరు ఏదో కండరాన్ని తిప్పి తెచ్చి అడ్డంగా కట్టారు. అందరూ సంచి వదులైంది కాబట్టే జారుతోందని అనుకున్నారు. ప్యాంటు వదులైతే బెల్ట్ బిగించినట్టు.

లండన్‌లో ఆర్థర్ సిడ్నీ బ్లండెల్ బ్యాంకార్ట్ అనే సర్జన్ దీన్ని ఒప్పుకోలేదు. మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో పనిచేసేవాడు. 1923లో ఒక వ్యాసం రాశాడు. సంచి వదులు కావడం అసలు సంగతి కాదు, సాకెట్ ముందు అంచు నుంచి లాబ్రమ్ ఊడిపోయింది, అదే అసలు గాయం అన్నాడు. ఊడిన గట్టు ఎముకకి తనంతట తాను అతుక్కోదు, దాన్ని తిరిగి కుట్టాలి, అంతే. ప్యాంటు హుక్ ఊడితే బెల్ట్ బిగించడం ఎందుకు, హుక్ కుట్టండి అన్నట్టు.

న్యాయంగా చెప్పాలంటే ఈ మాట అన్న మొదటి మనిషి ఆయన కాదు. జర్మన్ సర్జన్ గియోర్గ్ పెర్థెస్ 1906లోనే ఊడిన అంచుని తిరిగి ఎముకకి బిగించాడు. ఫ్రాన్సులో బ్రోకా, హార్ట్‌మన్ 1890లోనే ఆ గాయాన్ని వర్ణించారు. కానీ పేరు బ్యాంకార్ట్‌కే నిలిచింది. 1938లో ఆయన 27 మంది రోగుల ఫలితాలు ప్రకటించాడు. ఒక్కరికీ మళ్ళీ జారలేదని రాశాడు. మీ ఎం.ఆర్.ఐ. రిపోర్టులో "బ్యాంకార్ట్ లీజన్" అని ఉంటే, అది ఈయన పేరే.

అదే రిపోర్టులో "హిల్ శాక్స్" అని కూడా ఉండొచ్చు. హెరాల్డ్ హిల్, మారిస్ శాక్స్ ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో రేడియాలజిస్టులు. బంతి బయటికి జారినప్పుడు దాని వెనక భాగం సాకెట్ గట్టి అంచుకి గుద్దుకుని సొట్ట పడుతుందని 1940లో ఎక్స్-రేల మీద చూపించారు. అంటే ప్రతిసారీ రెండు వైపులా నష్టం. అంచు ఊడుతుంది, బంతి సొట్టపోతుంది. అందుకే "జారితే నేనే ఎక్కించేసుకుంటాలే" అని ఏళ్ళ తరబడి లాగించేవాళ్ళకి లోపల ఎముక అరుగుతూ పోతుంది.

జారలేదు సరే, చెయ్యి తిరుగుతోందా?

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ భయం దగ్గరికొద్దాం.

బ్యాంకార్ట్ ఆపరేషన్ కష్టమైంది. లోతైన సందులో, ఎముక అంచుకి రంధ్రాలు చేసి కుట్టాలి. అందుకని ఈజీ పద్ధతులు పాపులర్ అయ్యాయి. వాటిలో పెద్దది పుట్టి-ప్లాట్. ఇటలీలో విట్టోరియో పుట్టి, ఇంగ్లండ్‌లో హ్యారీ ప్లాట్, ఇద్దరూ విడివిడిగా చేసిన పద్ధతి. 1948లో దాని గురించి వ్యాసం వచ్చాక బాగా వ్యాపించింది. భుజం ముందున్న కండరాన్ని కోసి, పైట కొంగు ఒకదాని మీద ఒకటి మడిచినట్టు మడిచి, పొట్టిగా చేసి కుట్టేస్తారు. భుజం ఇక బయటికి తిరగదు. తిరగదు కాబట్టి జారదు.

లెక్కల్లో ఇది సూపర్ హిట్. మళ్ళీ జారినవాళ్ళు తక్కువ. కానీ ఆ మనిషి బాల్ విసరగలడా? పైన అటక మీది డబ్బా అందుకోగలడా? ఆ లెక్క చాలాకాలం ఎవరూ సరిగ్గా వేయలేదు. ఏళ్ళు గడిచాక ఇంకో సమస్య బయటపడింది. ముందువైపు అతిగా బిగించేసరికి బంతి వెనక్కి నొక్కుకుపోయి, అక్కడి మృదులాస్థి అరిగి, కొందరికి నడివయసులోనే కీలు అరుగుదల వచ్చింది. భుజం జారకుండా చేసిన ఆపరేషనే ఆ భుజాన్ని అరగదీసింది. "కత్తి పెడితే చెయ్యి బిగుసుకుపోతుంది" అనే మాట ఆ కాలంలో అబద్ధం కాదు.

ఇక్కడ ఇంకో మనిషిని పరిచయం చెయ్యాలి. ఎర్నెస్ట్ ఏమరీ కాడ్‌మన్. అమెరికాలో బోస్టన్ సర్జన్. ఈథర్ ప్రదర్శన జరిగిందే, ఆ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లోనే పనిచేసేవాడు. ఆయన ఒకే ఒక్క మాట పట్టుకుని జీవితమంతా గొడవపడ్డాడు: ప్రతి రోగి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో కనుక్కోండి, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో రాయండి, రాసింది బయటపెట్టండి. దీన్ని "ఎండ్ రిజల్ట్" ఆలోచన అన్నారు. ఇవాళ మనం రెస్టారెంట్‌కి కూడా రివ్యూ చూసి వెళ్తాం. 1910ల్లో డాక్టర్ పనికి లెక్క అడగడం అంటే పెద్ద తప్పు.

ఆయన 1914లో ఆ హాస్పిటల్ ఉద్యోగం వదిలేశాడు. సొంతంగా చిన్న హాస్పిటల్ నడిపి, 1911 నుంచి 1916 దాకా వెళ్ళిన 337 మంది రోగుల లెక్క అచ్చేశాడు. దాంట్లో 123 పొరపాట్లు జరిగాయని తనే రాశాడు. 1915లో ఒక సభలో పెద్ద కార్టూన్ విప్పి చూపించాడు. నిప్పుకోడి ఇసుకలో తల దూర్చి, వెనక ఉన్న డాక్టర్లకి బంగారు గుడ్లు తన్నుతుంటుంది. ఊళ్ళో పెద్దమనుషులందరికీ కోపం వచ్చింది. ఆయన ప్రాక్టీసు దెబ్బతింది. 1934లో భుజం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఫిజియో మిమ్మల్ని ముందుకి వంగి చెయ్యి గడియారం లోలకంలా ఊపమంటారు చూడండి, ఆ ఎక్సర్‌సైజుని ఇప్పటికీ కాడ్‌మన్ పేరుతోనే పిలుస్తారు. 1940లో చనిపోయాడు. సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు. 2014లో వైద్య సంఘాలు కలిసి ఆ రాయి పెట్టాయి.

ఆయన మాట మాత్రం బతికింది. అదే మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కి చెందిన కార్టర్ రో, ఆయన సహచరులు 1978లో బ్యాంకార్ట్ ఆపరేషన్ మీద పెద్ద లెక్క ప్రచురించారు. ఏళ్ళ తరబడి ఫాలో అప్ చేసిన 145 భుజాల్లో మళ్ళీ జారినవి 5. అంటే 3.5 శాతం. ఇంకా ముఖ్యం ఏంటంటే వాళ్ళు వందకి మార్కులు వేసే పద్ధతి పెట్టారు. జారకుండా ఉండటానికి 50, చెయ్యి ఎంత తిరుగుతోందో దానికి 20, రోజువారీ పనులూ ఆటలూ చెయ్యగలుగుతున్నారా అన్నదానికి 30. సగం మార్కులు చెయ్యి పనికే. ఆ వ్యాసం టైటిల్‌లోనే "ఎండ్ రిజల్ట్" అనే మాట ఉంది. కాడ్‌మన్ వదిలేసి వెళ్ళిన చోటికే ఆయన మాట తిరిగొచ్చింది.

ఎముక అరిగిపోతే ఎముకే పెట్టాలి

ఇంకో దారి కూడా ఉంది. గట్టు కాదు, సాకెట్ ఎముక అంచే అరిగిపోతే? కుట్టడానికి అక్కడ చోటేది?

1954లో ఫ్రాన్సులోని లియాన్‌కి చెందిన మిషెల్ లాతార్జే ఒక ఉపాయం చెప్పాడు. భుజం ముందు వైపు కాకి ముక్కులా పొడుచుకొచ్చిన చిన్న ఎముక ఉంటుంది. కోరకాయిడ్ అంటారు. దాన్ని కోసి, దానికి అంటుకున్న కండరాలతో సహా తెచ్చి, సాకెట్ ముందు అంచున స్క్రూతో బిగించాడు. సాసర్ వెడల్పు పెరిగింది. పైగా ఆ కండరాలు చెయ్యి ఎత్తినప్పుడు బంతికి అడ్డంగా ఉయ్యాల తాడులా బిగుసుకుంటాయి. 1958లో దక్షిణాఫ్రికా సర్జన్ ఆర్థర్ హెల్ఫెట్ ఇలాంటిదే తన గురువు బ్రిస్టో పేరుతో ప్రచురించాడు. ఇవాళ కూడా ఎముక బాగా అరిగినవాళ్ళకీ, ఒళ్ళు గుద్దుకునే ఆటలు ఆడేవాళ్ళకీ లాతార్జే ఆపరేషన్ చేస్తున్నారు. పెద్ద ఆపరేషనే, పక్కనే నరాలుంటాయి, స్క్రూల గొడవ ఉంటుంది. కానీ సరైన మనిషికి చేస్తే గట్టిగా నిలుస్తుంది.

చిన్న రంధ్రం, పెద్ద ఆశ

ఇక కీహోల్ సంగతి. 1918లో టోక్యోలో కెంజీ తకాగి మూత్రాశయం చూసే గొట్టాన్ని శవం మోకాల్లోకి పెట్టి చూశాడు. ఆయన దారిలోనే మసాకీ వతనబే 1950ల చివర్లో నిజంగా పనికొచ్చే ఆర్థ్రోస్కోప్ తయారుచేశాడు. మోకాలు తర్వాత భుజం వంతు వచ్చింది. 1980ల్లో స్టేపుల్స్ కొట్టి చూశారు, అవి ఊడి ఇబ్బంది పెట్టాయి. తర్వాత యాంకర్లు వచ్చాయి. చిన్న మేకులాంటిది, దానికే దారం ఉంటుంది. సాకెట్ అంచులో దిగ్గొట్టి, ఆ దారంతో ఊడిన లాబ్రమ్‌ని కట్టేస్తారు. బ్యాంకార్ట్ ఆలోచనే, దారి మారింది. ముందున్న కండరం కొయ్యక్కర్లేదు.

ఇక్కడే చరిత్ర ఒక తమాషా చేసింది. 1990ల్లో కొందరు సర్జన్లు రేడియో తరంగాలతో వేడెక్కే సన్నటి పరికరం లోపలికి పెట్టి, వదులైన సంచిని వేడి చేసి ముడుచుకునేలా చేశారు. ప్లాస్టిక్ కవర్ వేడికి ముడుచుకున్నట్టు. ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, కుట్లు లేవు. అందరికీ నచ్చేసింది. కొన్నేళ్ళకి నిజం తెలిసింది. ముడుచుకున్న పొర మళ్ళీ సాగింది, కొందరిలో పలచబడి పనికిరాకుండా పోయింది, కొందరిలో లోపలి మృదులాస్థే దెబ్బతింది. 2000ల్లో ఆ పద్ధతిని చాలావరకు వదిలేశారు. హిప్పోక్రటీస్ కాలపు వాత, కరెంటు పెట్టుకుని తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళిపోయిందన్నమాట. కొత్తది కదా అని మంచిది అయిపోదు. ఏడాది తర్వాత, ఐదేళ్ళ తర్వాత ఏమైందో చూసినప్పుడే తెలుస్తుంది.

2000 సంవత్సరంలో ఇంకో లెక్క వచ్చింది. అమెరికాలో టెక్సాస్‌కి చెందిన స్టీఫెన్ బర్కార్ట్, దక్షిణాఫ్రికాకి చెందిన జో డి బీర్ కలిసి 194 కీహోల్ బ్యాంకార్ట్ ఆపరేషన్లు చూశారు. ఎముక పెద్దగా అరగనివాళ్ళలో మళ్ళీ జారింది 4 శాతం మందికి. ఎముక బాగా పోయినవాళ్ళలో? 67 శాతం. అదే ఆపరేషన్, అదే చేతులు, ఫలితంలో ఇంత తేడా. అందుకే ఇప్పుడు ఎం.ఆర్.ఐ.తో పాటు చాలామందికి సీటీ స్కాన్ కూడా రాస్తున్నారు. ఎముక ఎంత మిగిలిందో కొలవడానికి. "నా ఫ్రెండ్‌కి చిన్న రంధ్రాలతో అయిపోయింది, నాకెందుకు పెద్దది?" అంటే, జవాబు ఆ స్కాన్‌లో ఉంటుంది.

అందరికీ సర్జరీ కావాలా?

అక్కర్లేదు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో మొదటిసారి భుజం జారిన 15 నుంచి 35 ఏళ్ళ వయసువాళ్ళు 252 మందిని సర్జరీ లేకుండా చూసి 2006లో లెక్క ప్రకటించారు. రెండేళ్ళలో సగానికి పైగా మందికి భుజం మళ్ళీ ఇబ్బంది పెట్టింది. వయసు ఎంత తక్కువైతే రిస్క్ అంత ఎక్కువ, కుర్రాళ్ళలో మరీ ఎక్కువ. ఇంకో వైపు నుంచి చూస్తే, మిగిలినవాళ్ళకి ఏ ఆపరేషన్ లేకుండానే గడిచింది. స్వీడన్‌లో 257 భుజాలని ఏకంగా 25 ఏళ్ళు ఫాలో అయ్యారు. మొదట మూడు నాలుగు వారాలు కట్టి ఉంచినా, త్వరగా వదిలేసినా, మళ్ళీ జారడంలో తేడా రాలేదు. కొందరికి ఏళ్ళు గడిచేకొద్దీ దానంతట అదే కుదురుకుంది.

కాబట్టి మీ వయసెంత, మీరు ఏం ఆడతారు, ఎన్నిసార్లు జారింది, ఎముక ఎంత మిగిలింది, ఈ నాలుగూ కలిపి చూసే నిర్ణయం ఇది. కొందరి ఒళ్ళే వదులు, రెండు భుజాలూ అన్ని వైపులా జారుతుంటాయి. అలాంటివాళ్ళకి ముందు నెలల తరబడి కండరాల ఎక్సర్‌సైజులే మందు.

అసలు పరీక్ష సర్జరీ తర్వాత

ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. కోలుకోవడానికి నెలలు కావాలి. యాంకర్ దారం గట్టును పట్టుకుని ఉంచుతుంది అంతే, అతికించేది మీ ఒళ్ళే. ఆ అతుకు గట్టిపడటానికి సుమారు మూడు నెలలు పడుతుంది.

మామూలుగా ఇలా నడుస్తుంది, మీ డాక్టర్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మాత్రం కదిలిస్తూ ఉండాలి. నిద్ర కష్టం, సగం కూర్చున్నట్టు దిండ్లు పెట్టుకుని పడుకోవాల్సి వస్తుంది. తర్వాత మెల్లగా చెయ్యి ఎత్తడం. బయటికి తిప్పడం అన్నిటికన్నా చివర, ఎందుకంటే కుట్టిన చోటు మీద బరువు పడేది అప్పుడే. మూడు నెలల తర్వాత రబ్బర్ బ్యాండ్లు, చిన్న బరువులు. కబడ్డీ లాంటి ఆటలకి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

శ్రేయస్ అయ్యర్ గుర్తున్నాడా? 2021 మార్చి 23న పుణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో ఫీల్డింగ్ చేస్తూ ఎడమ భుజం దెబ్బతింది. ఏప్రిల్‌లో సర్జరీ అయింది. మళ్ళీ మ్యాచ్ ఆడింది సెప్టెంబర్‌లో, యూఏఈలో జరిగిన ఐపీఎల్ రెండో భాగంలో. నవంబర్‌లో కాన్పూర్‌లో టెస్టుల్లోకి వచ్చి మొదటి మ్యాచ్‌లోనే సెంచరీ కొట్టాడు. పక్కనే ఫిజియో, ట్రైనర్ ఉన్న ఆటగాడికే ఐదు నెలలు పైన పట్టింది. మనకి రెండో నెలలో నొప్పి తగ్గగానే "బాగైపోయింది" అనిపించి బండి తీస్తాం, జిమ్‌కి వెళ్తాం. నొప్పి తగ్గడం వేరు, అతుకు గట్టిపడటం వేరు. దీనికి రివర్స్‌లో ఇంకో రకం ఉన్నారు. భయంతో స్లింగ్ తియ్యరు, ఫిజియో మానేస్తారు, చెయ్యి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నింద ఆపరేషన్ మీద పడుతుంది. సర్జరీకి డబ్బు సర్దుకునేటప్పుడే ఫిజియోకి, సెలవులకి కూడా లెక్క వేసుకోండి. ఇంట్లో సంపాదించే చెయ్యి అదే అయితే మరీనూ.

డాక్టర్ గదిలో అడగాల్సినవి

ముందు ఒక జాగ్రత్త. ఎవరికైనా భుజం జారితే గ్రౌండ్‌లో ఫ్రెండ్స్ చెయ్యి పట్టుకుని లాగొద్దు. ఎముక కూడా విరిగి ఉండొచ్చు, చంక దగ్గరి నరం నలిగి ఉండొచ్చు. చెయ్యి ఎలా ఉంటే అలా చున్నీతోనో తువ్వాలుతోనో ఒంటికి ఆనించి కట్టి, ఎక్స్-రే ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. భుజం బయటివైపు తిమ్మిరిగా ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

సర్జరీ మాట వస్తే ఇవి అడగండి. నాకు ఊడింది గట్టా, అరిగింది ఎముకా? ఎముక ఎంత పోయింది, కొలిచారా? మీరు చేసిన ఇలాంటి ఆపరేషన్లలో మళ్ళీ జారినవాళ్ళు ఎంతమంది? నా చెయ్యి ఎంతవరకు తిరుగుతుంది? నేను చేసే పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు? సర్జరీ వద్దనుకుంటే ఏమవుతుంది?

ఇవి అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ఈ ప్రశ్న అడిగినందుకే కాడ్‌మన్ ఉద్యోగం వదులుకున్నాడు, ఊళ్ళో శత్రువుల్ని తెచ్చుకున్నాడు. మనకి అడగడానికి ఐదు నిమిషాలు చాలు. మంచి డాక్టర్ అయితే ఆ ప్రశ్నకి కూర్చోబెట్టి మరీ జవాబు చెప్తారు.

ఈ ఎపిసోడ్ భుజం జారిన మీ ఫ్రెండ్‌కి పంపించండి. వాళ్ళ అమ్మానాన్నలకి కూడా వినిపించమనండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.